రొమ్ముగూడు: ఇబ్నె సీనా గ్రంథం నుండి వరంగల్ తరగతి దాకా

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల 1959లో ప్రారంభమయింది. ఆనాటి నుండి అక్కడి మొదటి సంవత్సరం విద్యార్థి పక్కటెముకను చేతిలోకి తీసుకొని దాని తలను, మెడను, బొడిపెను ఇంగ్లీషు, లాటిన్ పేర్లతో నేర్చుకుంటున్నాడు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు, వరంగల్ నిజాం రాజ్యంలో ఒక సుబాకు కేంద్రంగా ఉన్న రోజుల్లో, వైద్యం చదవడానికి హైదరాబాదు వెళ్ళిన విద్యార్థి ఇదే ఎముకను ఉర్దూలో నేర్చుకున్నాడు. ఆ శాస్త్ర పదాల్లో అధిక భాగం అరబ్బీవి. వాటిలో పెక్కు ఇబ్నె సీనా (హిజ్రీ 370–428, క్రీ.శ. 980–1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో వాడినవే. తొమ్మిది వందల ఏళ్ళు నడిచి వచ్చిన ఆ పదాలు ఏమి చెప్పాయి, ఎక్కడ తప్పాయి, దక్కనులో వాటి గతి ఏమయింది అన్నది ఆలోచించదగిన విషయం.

ఖానూన్ మొదటి సంపుటంలో రొమ్ముగూటి వర్ణన క్లుప్తంగా ఉంటుంది, కాని దాని వెనుక ఒక ప్రశ్న ఉంది. ఊపిరితిత్తులను, గుండెను కాపాడవలసిన ఈ కవచం ఒకే ఎముకగా ఎందుకు లేదు? ఒకటే అయివుంటే బరువయ్యేదనీ, ఒకచోట దెబ్బ తగిలితే కీడు మొత్తానికీ పాకేదనీ, శ్వాస కోసం వ్యాకోచించవలసినప్పుడు వీలుండేది కాదనీ ఇబ్నె సీనా సమాధానం. సృష్టికర్త ఏర్పాటులో వ్యర్థం లేదన్న విశ్వాసం, పరిశీలకుని తర్కం ఇక్కడ ఒకదానికొకటి అడ్డురావు.

లెక్క కూడా సరిగానే ఉంది. ఇరువైపులా పన్నెండేసి, మొత్తం 24. పై ఏడు జతలూ ముందువైపు రొమ్ముటెముకను చేరుతాయి. వాటికి ‘ఖుల్లస్’, అంటే అసలైనవి, అని పేరు. కింది అయిదు జతలూ పొట్టివి, రొమ్ముటెముకను నేరుగా అందుకోనివి. వాటిని ‘జూర్’, అంటే బూటకపు, పక్కటెముకలన్నారు. నేటి లాటిన్ పేర్లకు కూడా ఇదే అర్థం. ఈ అయిదింటిలో 8, 9, 10 జతలు తమ పైదాని మృదులాస్థిని పట్టుకొని ఉంటాయి. 11, 12 జతల కొసలు కండరాల్లోనే ఆగిపోతాయి.

కీళ్ళ విషయంలో ఇబ్నె సీనా మాట మరింత గమనార్హం. ప్రతి పక్కటెముకా వెన్నుపూసతో రెండు మొనల ద్వారా, రెండు గుంటల్లో కూడి జంట కీలు ఏర్పడుతుందని ఆయన రాశారు. నేటి శాస్త్రం చూపేదీ దాదాపు అదే: తల వెన్నుపూస దేహానికీ, బొడిపె దాని పక్క కొమ్ముకూ తగులుతాయి. అయితే చివరి రెండు జతలకు ఈ రెండవ కీలు లేదు. ‘ప్రతి’ అన్న మాటను అంతమేరకు సవరించుకోవాలి. ఈ రెండు కీళ్ళ మీదుగా పోయే ఇరుసు చుట్టూ ఎముక తిరుగుతుంది. పై పక్కటెముకలు బోరింగు పిడిలా ముందుకు లేచి రొమ్మును ముందువైపు పెంచుతాయి. కిందివి బొక్కెన పిడిలా పక్కలకు లేచి వెడల్పు పెంచుతాయి. ముందువైపు మొదటి పక్కటెముక మృదులాస్థితో రొమ్ముటెముకకు కదలకుండా అతికి ఉంటుంది. రెండు నుండి ఏడు వరకు కదిలే కీళ్ళు. గూడు మొత్తం బిగిసిపోకుండా, జారిపోకుండా ఉండటానికి ఈ ఏర్పాటే కారణం.

ఇక పొరపాటు. రొమ్ముటెముక ఏడు ముక్కలని ఇబ్నె సీనా రాశారు. ఇది గ్రీకు వైద్యుడు గాలెన్ నుండి వచ్చిన మాట. గాలెన్ కోసి చూసిన శరీరాలు ప్రధానంగా కోతులవి. పెద్దవాళ్ళలో ఈ ఎముకకు పిడి, నడుమ భాగం, కొస అని మూడే భాగాలు. నడుమ భాగం చిన్నతనంలో నాలుగు ముక్కలుగా ఉండి, దాదాపు పాతికేళ్ళ వయసుకు ఒకటిగా అతుక్కుంటుంది. కాబట్టి ఆ మాటకు కొంత ఆధారం లేకపోలేదు. కాని చదివినదాన్ని ఎముకతో సరిచూడలేదన్నది నిజం.

సరిచూడటం మన వైద్యులకు తెలియని పని కాదు. హిజ్రీ 597–598 (1200–1202)లో ఈజిప్టును కరువు కబళించినప్పుడు అబ్దుల్లతీఫ్ బగ్దాదీ కైరో దగ్గర గుట్టలుగా పడివున్న అస్థిపంజరాలను పరిశీలించారు. కింది దవడ రెండెముకలన్న గాలెన్ మాటకు భిన్నంగా, అది ఒక్కటేనని రెండు వేలకు పైగా పుర్రెల సాక్ష్యంతో తేల్చారు. గాలెన్ ఎంత గొప్పవాడైనా కన్ను చూసినదే నమ్మదగిన సాక్ష్యమన్నది ఆయన వాదం. ఆ కన్ను రొమ్ముటెముక మీదికి మళ్ళలేదు. ఆ సవరణ 1543లో వెసాలియస్ గ్రంథంతో ఐరోపాలో జరిగింది.

మరొక పొరపాటు వైద్యులది కాదు, జనబాహుళ్యానిది. మగవానికి ఒక పక్కటెముక తక్కువని మన ఊళ్ళలో ఇప్పటికీ కొందరు చెబుతారు, ధర్మగ్రంథాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఖుర్‌ఆన్‌లో పక్కటెముక ప్రస్తావనే లేదు. నిసా సూరా తొలి ఆయత్‌లో ఒకే ప్రాణి నుండి దాని జంటను సృష్టించిన మాట మాత్రమే ఉంది. పక్కటెముక మాట హదీసులోది. అక్కడ కూడా దైవప్రవక్త (సల్లం) ఉద్దేశం స్త్రీలతో మంచిగా మెలగమన్న హితవు. స్త్రీ పక్కటెముక వంటిదని పోలికగా వచ్చిన ఉల్లేఖనం కూడా బుఖారీలో ఉంది. పురుషునికి ఎముక తగ్గిందని హదీసు అనలేదు, ఇబ్నె సీనా అంతకన్నా అనలేదు. స్త్రీపురుషులిద్దరికీ 24.

హైదరాబాదులో 1917లో దారుత్తర్జుమా ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రాలను ఉర్దూలోకి తేవడం దాని పని. పారిభాషిక పదాలు అరబ్బీ నుండి తీయాలా, దేశీయ ధాతువుల నుండి కట్టాలా అన్న చర్చ తీవ్రంగా సాగింది. వహీదుద్దీన్ సలీం 1921లో ‘వజ్‌ఎ ఇస్తిలాహాత్’ అనే గ్రంథమే రాశారు. వైద్యంలో అరబ్బీదే పైచేయి అయింది. ఉస్మానియా పేరు దాల్చిన వైద్య కళాశాలలో విద్యార్థి వెసాలియస్ తరువాతి శరీర శాస్త్రాన్ని ఇబ్నె సీనా మాటల్లో చదివాడు: ఖస్ మూడు భాగాలే, కాని పేరు ఖస్సే. సవరణ జరిగింది, తెగతెంపులు జరగలేదు. ఆ అనువాదకుల గొప్ప అందులో ఉంది.

ఇంట్లో తెలుగు మాట్లాడే వరంగల్ విద్యార్థికి ఆ ఉర్దూ మాత్రం సులువా అంటే, కాదు. ‘మఫ్సల్’ అతనికి ఎంత కొత్తో ‘జాయింట్’ కూడా అంతే కొత్త. అతని మాట ‘కీలు’. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారత యూనియన్‌లో చేరిన తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు బోధనా భాష అయింది. పదకొండేళ్ళకు వరంగల్‌లో వెలసిన కళాశాల ఇంగ్లీషుతోనే మొదలైంది. అరబ్బీ పదాలు యునానీ తరగతులకు పరిమితమయ్యాయి.

రొమ్ముటెముక కింది కొసకు ఇబ్నె సీనా గ్రంథంలోని పేరు ‘ఖంజరీ’, బాకు వంటిది అని. వరంగల్ విద్యార్థి నేర్చుకునే ‘జైఫాయిడ్’కు మూలం గ్రీకు భాషలో కత్తి అనే మాట. రెండు పేర్లూ ఒకే పోలిక నుండి పుట్టాయని అతనికి చెప్పే పుస్తకం తెలుగులో ఇంకా రావలసి ఉంది.