జెండా పట్టిన చేతులు

మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. మద్రాసు నుంచి విడిపడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ ఏడాదే. పట్నం ఎవరిదన్న వాదన ఇంకా చల్లారని ఆ రోజుల్లో, ఇంజను చప్పుడు వినబడితే ఆగిపోయే కొద్దిమంది భాష అడక్కుండా ఒకచోట చేరారు. లాభం కోసం పెట్టిన సంస్థ కాదిది. సెలవు రోజుల్లో, చేతి డబ్బు పెట్టుకుని, ఇష్టంకొద్దీ నడుపుకున్న క్లబ్బు. డెబ్బై ఏళ్ళు దాటినా దాని ప్రాణం ఆ ఇష్టంలోనే ఉంది.

ఈ ప్రత్యేక సంచికలో గెలిచినవాళ్ళ గురించి చాలా పుటలుంటాయి. ఉండాలి కూడా. కోయంబత్తూరు నుంచి వచ్చిన నరైన్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు కారెక్కి ఫార్ములా వన్‌లో తొలి భారతీయుడయ్యాడు. మన క్లబ్ తొలితరం పెద్దల్లో ఒకరైన ఇందు చంధోక్ మనవడు కరుణ్ 2010లో అదే మెట్టెక్కాడు. వీళ్ళ పేర్లు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఎండలో జెండా పట్టుకుని నిలబడ్డవాళ్ళు, స్టాప్‌వాచీ నొక్కినవాళ్ళు, మంటలార్పే సిలిండరు భుజాన వేసుకుని పరిగెత్తినవాళ్ళు ఏ ఫలితాల పట్టికలోనూ లేరు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు మన మధ్య కూడా లేరు. ఈ పుటలు వాళ్ళవి.

ఇక్కడ వాళ్ళ పేర్లు రాయడం లేదు. నలుగురిని తలచుకుని నలభై మందిని మరిచిపోతే అది పోయినవాళ్ళకు చేసే అన్యాయం. అందుకని ముందు వాళ్ళు చేసిన పనులు చెబుతాను. పేర్ల సంగతి చివర్లో.

షోలవరం రోజులు

మద్రాసు నుంచి జి.ఎన్.టి. రోడ్డు పట్టుకుని నెల్లూరు వైపు వెళ్తే రెడ్‌హిల్స్ దాటాక షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఖాళీగా పడి ఉండేది. క్లబ్బుకి అదే తొలి రేసు మైదానం. ఫిబ్రవరి వచ్చిందంటే కలకత్తా, బొంబాయి, బెంగళూరు, కోయంబత్తూరుల నుంచి, సముద్రం దాటి సిలోను నుంచి కూడా పోటీదారులు వచ్చేవాళ్ళు. ఫియట్లు, అంబాసిడర్లు, మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులు, ఇంటి షెడ్డులో గొట్టాలు అతికించి కట్టుకున్న ఒంటి సీటు కార్లు, బుల్లెట్లు, జావాలు అన్నీ అక్కడ పరిగెత్తాయి. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట, నెల్లూరు వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళకు అది దారిలోనే ఉన్న తిరునాళ్ళు.

రన్‌వే అంటే చదునైన నేల, అంతే. గోడ లేదు, గ్యాలరీ లేదు, నీడ లేదు. రేసు అనుకున్న ప్రతిసారీ అన్నీ కొత్తగా నిలబెట్టాలి. మలుపుల్లో గడ్డిమోపులు పేర్చాలి, డ్రమ్ములు దొర్లించాలి, వెదుళ్ళు పాతి తాళ్ళు కట్టాలి, జనం ఎక్కడ నిలబడాలో సున్నం గీత గీయాలి. రేసు అయిపోయాక అన్నీ తీసెయ్యాలి. ఈ పనంతా చేసింది సభ్యులే. శుక్రవారం దాకా బ్యాంకు కౌంటరులోనో, రైల్వే ఆఫీసులోనో, కాలేజీలోనో ఉన్న మనిషి శనివారం తెల్లారేసరికి ప్యాంటు మడిచి గడ్డి మోస్తూ కనబడేవాడు.

జనాన్ని అదుపు చేయడం అన్నిటికన్నా కష్టం. వేలమంది వచ్చేవారు. కారు ఎంత వేగంగా మీదికి వస్తుందో అంచనా తెలియనివాళ్ళు తాడు కింద నుంచి దూరి అవతలికి పరిగెత్తేవాళ్ళు. ఆవులు, కుక్కలు సరేసరి. కేకలు వేస్తూ, చేతులు అడ్డం పెడుతూ గొంతు బొంగురుపోయేదాకా జనాన్ని వెనక్కి నెట్టిన సభ్యుల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క లేదు. జరగని ప్రమాదానికి లెక్క ఎవరు రాస్తారు?

రేసు చూడని మనుషులు

స్వచ్ఛంద సభ్యుల పని తెలియనివాళ్ళు, దగ్గరుండి రేసు చూడటానికే వీళ్ళు వచ్చారనుకుంటారు. నిజానికి రేసును అందరికన్నా తక్కువ చూసేది వీళ్ళే.

గీత దాటిన కారును తమంతట తామే నమోదు చేసే ట్రాన్స్‌పాండర్లు రాకముందు ల్యాప్ చార్టు చేత్తో రాసేవారు. గీత దాటిన ప్రతి కారు నంబరునూ ఒకరు పైకి చదివితే పక్కనున్నవారు వరుసలో రాసుకోవాలి. నాలుగైదు కార్లు గుంపుగా దూసుకుపోయినప్పుడు ఒక్క నంబరు జారిందా, ఆ తర్వాతి వరుసలన్నీ తప్పే. టైమింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు ఈ పనిలో ఆరితేరారు. చార్టు రాసేవారు రేసు మొదలైంది మొదలు ముగిసేదాకా కాగితం మీద నుంచి తల ఎత్తరు. వాళ్ళ కళ్ళ ముందు నుంచి ఎన్నో గొప్ప రేసులు వెళ్ళిపోయాయి. ఒక్కటీ వాళ్ళు చూడలేదు.

మలుపు దగ్గర జెండా ఊపే మార్షల్ సంగతీ అంతే. అతనికి కనబడేది తన మలుపు ఒక్కటే. గెలిచిందెవరో సాయంత్రం సామాను సర్దేటప్పుడు అడిగి తెలుసుకోవాలి. కానీ మలుపు అవతల ఏముందో డ్రైవరుకు కనబడదు. అతనికి కనబడేది జెండా. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించు, ఎవరినీ దాటకు అని అర్థం. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి మీద ఆయిలో నీళ్ళో ఉన్నాయి, జారుతుంది. నీలం చూపితే నీకన్నా వేగంగా వచ్చేవాడు వెనకే ఉన్నాడు. ఎర్రది చూపితే రేసు ఆగినట్టే. ముఖమైనా సరిగా తెలియని మనిషి ఊపిన గుడ్డముక్కను నమ్మి డ్రైవరు కాలు బ్రేకు మీద వేస్తాడు. ఈ ఆట మొత్తం ఆ నమ్మకం మీద నడుస్తోంది. ఆ నమ్మకాన్ని సంపాదించి పెట్టింది ఇప్పుడు లేని మన పెద్దలు.

రేసుకు ముందు కార్లను పరీక్షించే స్క్రూటినీ వాళ్ళది ఇంకో రకం ధైర్యం. బ్రేకులు, చక్రాల నట్లు, సీటు బెల్టు, హెల్మెట్, పెట్రోలు కారడం, బ్యాటరీ బిగింపు అన్నీ చూడాలి. బాగాలేకపోతే కుదరదని చెప్పాలి. ఎదుట నిలబడ్డవాడు స్నేహితుడు కావచ్చు. అప్పు చేసి ఇంజను కట్టించుకుని, రాత్రంతా లారీ వెనక కారు కట్టుకుని వచ్చిన కుర్రాడు కావచ్చు. వాడి కళ్ళలోకి చూస్తూ ‘బెల్టు మార్చుకుని రా, లేకపోతే ట్రాక్ మీదికి పంపను’ అనడం తేలిక కాదు. అలా అన్నందుకు తిట్లు తిన్న పెద్దమనుషులు మన క్లబ్బులో ఉన్నారు. తర్వాత ఆ కుర్రాళ్ళే వచ్చి వాళ్ళ దగ్గర శిష్యరికం చేశారు.

డాక్టర్లు క్లినిక్ మూసుకుని వచ్చేవారు. అంబులెన్సు లేకుండా రేసు మొదలుపెట్టకూడదన్నది నియమం. ఒకరిని ఎక్కించుకుని అంబులెన్సు ఆస్పత్రికి వెళ్తే ఇంకొకటి వచ్చేదాకా అందరూ ఆగాల్సిందే. రోజంతా ఖాళీగా కూర్చుని వెళ్తే వాళ్ళకదే మంచి రోజు.

సొంత నేల

అద్దె నేల మీద ఎన్నాళ్ళు? షోలవరంలో వచ్చిన డబ్బు కూడబెట్టి, బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్ తన ట్రాక్ తానే కట్టుకుంది. 1990లో అది తెరుచుకుంది. 12 మలుపులు, 3.7 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఒక ఔత్సాహిక క్లబ్బు తనకంటూ శాశ్వత ట్రాక్ కట్టుకోవడం ఈ దేశంలో మామూలు విషయం కాదు. వాహనాల కంపెనీలు చుట్టుపక్కల ఇంతగా వెలియకముందు ఆ పొలాల మధ్య నిలబడి ‘ఇక్కడ మలుపు, ఇక్కడ పిట్’ అని చూసుకున్నవాళ్ళలో కొందరు అది పూర్తికావడం చూశారు, కొందరికి ఆ అదృష్టం దక్కలేదు.

సొంత ట్రాక్ వచ్చాక పని మారింది. గడ్డిమోపుల బదులు టైర్ల గోడలు, గార్డ్ రైళ్ళు వచ్చాయి. ప్రతి మలుపుకీ పోస్టు, పోస్టుకో వాకీటాకీ, రేస్ కంట్రోల్ నుంచి ఒకే గొంతు ఆజ్ఞలు. షోలవరంలో కేకలతో నడిచిన పనిని ఇక్కడ పద్ధతిలో పెట్టింది కూడా ఆ పాతవాళ్ళే. అరవై దాటిన మనిషి కొత్తగా రేడియోలో మాట్లాడటం నేర్చుకున్నాడు. ‘తక్కువ మాట్లాడు, స్పష్టంగా మాట్లాడు, నంబరు ముందు చెప్పు’ అని ఇరవై ఏళ్ళ పిల్లలకు నేర్పాడు. బ్రీఫింగులో ఆ మాటలు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

ప్రాణం మీదికి వచ్చే పని

నాకు తెలిసిన పాత సభ్యుల్లో ఎక్కువమంది వయసు మీదపడో, జబ్బు చేసో పోయారు. కానీ వాళ్ళు ఇష్టపడి నెత్తికెత్తుకున్న పనిలో ప్రాణభయం ఎప్పుడూ ఉంది. ప్రపంచంలో మిగతాచోట్ల ఏం జరిగిందో వాళ్ళకు తెలుసు.

1977 మార్చిలో దక్షిణాఫ్రికాలోని క్యాలామి ట్రాక్ మీద, ఆగిపోయిన కారులో మంట కనబడి ఇద్దరు మార్షళ్ళు అడ్డంగా పరిగెత్తారు. వెనక ఎత్తు మీద నుంచి వచ్చే కార్లకు వాళ్ళు కనబడలేదు. సిలిండరు మోసుకెళ్తున్న 19 ఏళ్ళ ఫ్రెడెరిక్ యాన్సెన్ వాన్ వ్యూరెన్‌ను టామ్ ప్రైస్ కారు ఢీకొట్టింది. ఆ సిలిండరు తలకు తగిలి ప్రైస్ కూడా చనిపోయాడు. 2000 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో, ఊడి ఎగిరిన చక్రం తగిలి అగ్నిమాపక స్వచ్ఛంద సేవకుడు పావొలో గిస్లిమ్‌బెర్తి పోయాడు. ఆరు నెలలు తిరక్కుండా, 2001 మార్చిలో మెల్‌బోర్న్‌లో కంచె సందులోంచి దూసుకొచ్చిన చక్రం గ్రాహమ్ బెవరిడ్జ్ అనే మార్షల్‌ను బలిగొంది.

కంట్రోల్ అనుమతి లేకుండా ట్రాక్ దాటకూడదు, కార్లకు వీపు పెట్టి నిలబడకూడదు, కంచె సందు దగ్గర ఆగకూడదు అని మన బ్రీఫింగులో చెప్పే మాటలు పుస్తకంలోంచి ఊడిపడలేదు. ఎక్కడో ఎవరో ప్రాణమిచ్చి నేర్పిన పాఠాలవి. మన పెద్దలు వాటిని దూరదేశపు వార్తల్లా చదివి వదిలెయ్యలేదు. తెచ్చి మన పోస్టుల దగ్గర అమలుచేశారు.

మన ట్రాక్‌కీ దుఃఖం తప్పలేదు. 2023 జనవరి 8న జాతీయ కార్ రేసింగ్ పోటీల్లో క్లబ్ జీవితకాల సభ్యుడు కె.ఇ. కుమార్ తన 59వ ఏట ప్రమాదంలో కన్నుమూశారు. అదే ఏడాది ఆగస్టులో మోటార్ సైకిల్ రేసులో 13 ఏళ్ళ శ్రేయస్ హరీశ్‌ను పోగొట్టుకున్నాం. అలాంటి క్షణంలో పడినవారి వైపు ముందుగా పరిగెత్తేది మార్షల్. ఆ రోజు రాత్రి అతను ఇంటికెళ్ళి ఏమీ తినలేడు. మళ్ళీ రేసు రోజున తెల్లవారుజామునే లేచి అదే మలుపు దగ్గర నిలబడతాడు. ఇంతకన్నా పెద్ద సేవ నాకు తెలియదు.

వాళ్ళ చేతి పని ఎక్కడెక్కడ ఉంది

2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగినప్పుడు, మొదటి ప్రాక్టీసులోనే ఒక కుక్క ట్రాక్ మీదికి వచ్చి ఎర్ర జెండా ఎత్తాల్సి వచ్చింది. ప్రపంచం ఆశ్చర్యపోయింది. షోలవరం చూసినవాళ్ళకు అది కొత్త కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ కార్లు పరిగెత్తినప్పుడు తెలుగువాళ్ళు ఇంటి పక్కనే ప్రపంచస్థాయి రేసు చూశారు. విద్యుత్తు కార్లకు ఇంజను మోత లేదు, పెట్రోలు మంట లేదు. కారు బాడీలో కరెంటు పారుతోందేమో చూసుకోకుండా ముట్టుకోకూడదన్న కొత్త పాఠం వచ్చింది. కానీ మలుపు దగ్గర జెండా అవసరం తగ్గలేదు. పద్ధతి తెలిసిన మనుషులు ఈ దేశంలో ఉండబట్టే ఇలాంటి పోటీలు పెట్టగలిగాం. ఆ మనుషులను తయారుచేసిన బడి ఒకప్పుడు షోలవరం రన్‌వే మీద, గడ్డిమోపుల పక్కన నడిచింది.

ఇక పేర్ల సంగతి

పోయిన సభ్యులకు నివాళి అంటే ఫొటోకి దండ వేసి రెండు నిమిషాలు నిలబడటం దగ్గరే ఆగకూడదు. వాళ్ళు నేర్పింది కొనసాగాలి, వాళ్ళ పేరు నిలవాలి. మొదటిది జరుగుతోంది. రెండోది జరగడం లేదు. పాత రేసుల పుస్తకాల్లో రేసు నడిపించే క్లర్క్ ఆఫ్ ద కోర్స్, ప్రధాన స్క్రూటినీరు, డాక్టరు పేర్లు అచ్చయ్యాయి. మలుపుల్లో నిలబడ్డవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళను గుర్తుపట్టగలిగినవాళ్ళు కూడా ఏటికేడు తగ్గిపోతున్నారు.

అందుకని క్లబ్బుకు మూడు విన్నపాలు చేస్తున్నాను. 1953 నుంచి పనిచేసిన ప్రతి స్వచ్ఛంద సభ్యుడి పేరు, చేసిన పని, పనిచేసిన ఏళ్ళు రాసిన ఒక రిజిస్టరు తయారుచేద్దాం. ఎనభైల్లో ఉన్న పెద్దల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చేద్దాం. ఏటా మొదటి రేసు రోజున, మార్షళ్ళ బ్రీఫింగు మొదలయ్యే ముందు, ఆ ఏడాది పోయినవారి పేర్లు చదువుదాం. చదివాక కొత్తగా చేరిన పిల్లల చేతికి జెండా ఇద్దాం. ఎవరి తర్వాత తాము వచ్చారో వాళ్ళకు తెలియాలి.

చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా షోలవరం నాటి ఫొటో, పాస్, చేతికి కట్టుకున్న బ్యాడ్జీ, పెన్సిలుతో రాసిన ల్యాప్ చార్టు ఉంటే క్లబ్బుకు చూపించండి. ఫొటోలో కారు పక్కన, తాడు దగ్గర, జెండా పట్టుకుని నిలబడ్డది నాన్నగారో, మామయ్యో, పక్కింటి డాక్టరుగారో మీకు తెలిసే ఉంటుంది. వెంటనే ఫొటో వెనక వాళ్ళ పేరు రాసిపెట్టండి. గెలిచినవాళ్ళ పేర్లు ఇప్పటికే రాసుకున్నాం, గెలిపించినవాళ్ళ పేర్లు ఇక మనం రాయాలి.