కుండీలో పాతిన అరటితొక్క

పోయిన ఎపిసోడ్‌లో ఎడిసన్ ఊరి చరిత్ర చెప్తూ మెన్లో పార్క్ ల్యాబు, బల్బు దగ్గరే ఆగిపోయాం. నేల కింద ఇంకో చరిత్ర ఉంది. పిల్లలకి సైన్సు చెప్పబోయి నేనే నేర్చుకున్నా.

"అంకుల్, చెత్త పాతిపెడితే పోతుంది కదా?" అని అడిగింది మా పక్కింటి పాప. మా నాయనమ్మ పెంటకుప్పలో వేసిందంతా ఎండాకాలానికి ఎరువై బండెక్కేది కాబట్టి అవుననబోయా. ఆగి, నలుగురు పిల్లలతో రెండు కుండీలు పెట్టించా. రెండింట్లోనూ అరటితొక్క, పాత కాటన్ బనీను ముక్క, ప్లాస్టిక్ కవరు ముక్క. ఒకదాంట్లో మామూలు మట్టి, ఇంకోదాంట్లో అదే మట్టి ఓవెన్‌లో బాగా కాల్చి. (ఆ వాసనకి మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.) రెండింటికీ ఒకేలా నీళ్ళు.

ఎనిమిది వారాలకి తవ్వాం. మామూలు మట్టిలో తొక్క జాడ లేదు, బనీను చిల్లులు పడింది. కాల్చిన మట్టిలో తొక్క నల్లబడింది గానీ ఉంది, బనీను దాదాపు అలాగే ఉంది. కవరు రెండింట్లోనూ చెక్కుచెదరలేదు. "మట్టిలో ఎవరో తింటున్నారు!" అన్నాడొక బుడ్డోడు.

ఆ "ఎవరో" మీదే రారిటన్ నది అవతల, న్యూ బ్రన్స్‌విక్‌లోని రట్గర్స్‌లో సెల్మన్ వాక్స్‌మన్ ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆయనా వలస వచ్చినవాడే, 1910లో. 1943లో ఆయన విద్యార్థి ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్ తీశాడు. టీబీకి పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే వచ్చింది. అంతకుముందే గుర్తింపు కోసం షాట్జ్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది. మనకి తెలియని కథేం కాదు.

అదే నదికి ఎడిసన్ వైపు ఒడ్డున కిన్-బక్ అనే చెత్త గుట్ట ఉంది. ఊరి చెత్తతో పాటు ఫ్యాక్టరీల రసాయనాలు కూడా 1970ల దాకా అక్కడ పోశారు. పీసీబీలున్న నూనె పక్కనున్న చిత్తడి నేలల్లోకి ఊరింది. 1983లో ప్రభుత్వం దాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో పెట్టింది. అక్కడా మట్టే, ఆ జీవులే. కానీ వాటికి అది తిండి కాదు, తిన్నా ఎన్నో ఏళ్ళు పడుతుంది.

ఇదంతా విని పాప కవరు ముక్కని మళ్ళీ పాతి, కుండీ మీద తేదీ రాసింది. కాలేజీకెళ్ళే ముందు తవ్వుతుందట. అప్పటికి నా హెచ్1బి ఉంటుందో లేదో మరి.