షోలాపురమందలి తెలుగు స్త్రీల కష్టార్జితము

షోలాపురపు తెలుగువారి చరిత్ర ఇట్టి సంచికలలో పలుమారులు వ్రాయబడినది. తెలంగాణపు పల్లెలనుండి తరలివచ్చిన పద్మశాలీలు, వారి మగ్గములు, వారు నేసిన దుప్పట్లు, శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయ మహర్షి రథోత్సవము, ఇవన్నియు అందు చోటు చేసికొన్నవి. స్త్రీలను గూర్చి మాత్రము గృహలక్ష్ములని ఒక మాట చెప్పి ముగించుట పరిపాటియైనది. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను చదివి, గుమాస్తాగిరి చేసి, విరమించినవాడను. అయినను మన స్త్రీలు చేసిన పనిని గూర్చి నాకు తెలిసినంతవరకు వ్రాయ సాహసించుచున్నాను.

1877లో షోలాపురమున నూలు, బట్టల మిల్లు వెలసెను. పల్లెలలో కరవులవలనను, అప్పులవలనను బ్రదుకు సాగని నేతగాండ్రు పని దొరకునను ఆశతో ఈ పట్టణమునకు రాసాగిరి. కొందరు మిల్లులలో చేరిరి. పెక్కుమంది ఇండ్లలోనే మగ్గములు వేసికొనిరి. మగ్గముపై కూర్చుండువాడు పురుషుడే. కాని అతడు కూర్చుండుటకు ముందే స్త్రీ పని మొదలగుచుండెను. నూలు తోడుట, ఆసు పోయుట, పడుగునకు గంజి పెట్టుట, రాట్నముపై కండెలు చుట్టుట ఆమె వంతు. కండె అందనిచో మగ్గము ఆగవలసినదే. అయినను బట్ట లెక్క వ్రాయునపుడు కూలి పురుషుని పేరనే పడుచుండెను. స్త్రీ కష్టము లెక్కలకు ఎక్కకపోవుట అక్కడనే ఆరంభమైనది.

తరువాత మరమగ్గములు వచ్చినవి. నేతపని ఇల్లు విడిచి కార్ఖానాకు పోయినది. పురుషులు పాళీలమీద పనికి పోసాగిరి. ఇంటిలో రాట్నము మూలబడెను. మరమగ్గము ఆగిననాడు కూలి లేదు. పిల్లలకు ఆకలి మాత్రము ఆగదు. అట్టి యిండ్లను ఆదుకొన్నది బీడీల పని. కార్ఖానానుండి తునికాకు, పొగాకు, దారము తెచ్చుకొని, ఆకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకొని చుట్టవలెను. కూలి వేయింటికి ఇంత అని లెక్క. బాగులేవని తీసివేసిన బీడీలకు కూలి లేదు. పొగాకు ధూళి, నడుము నొప్పి, కన్నుల మంట ఈ పనితో వచ్చినవే. షోలాపురమున సుమారు 60, 70 వేలమంది స్త్రీలు ఈ పనిచే బ్రదికినట్లు చెప్పుదురు; వారిలో పెక్కుమంది తెలుగువారే.

బీడీ కార్మికులకై 1966లో ఒక చట్టము, 1976లో సంక్షేమనిధి చట్టము వచ్చినవి. ఇంటియొద్ద చుట్టు స్త్రీయు కార్మికురాలేయని చట్టము ఒప్పుకొన్నది. పిల్లలకు విద్యార్థి వేతనము, వైద్యము, ఇంటికి సాయము కలిగినవి. అయితే ఇవి పొందుటకు గుర్తింపు కార్డు కావలెను. ఒక కార్డుమీద అత్త, కోడలు, కూతురు ముగ్గురు చుట్టిన యిండ్లు ఎన్నియో కలవు.

మా యిల్లును అట్టిదే. మా అమ్మ తొలుత కండెలు చుట్టినది, పిదప బీడీలు చుట్టినది. నా పరీక్ష రుసుము ఆ కూలినుండియే కట్టినది. మా వదిన ముప్పదియేండ్లు చుట్టినది. కార్డు మాత్రము అమ్మ పేరనే యుండెను. అమ్మ గతించినపుడు వదిన కష్టమునకు కాగితము లేకపోయెను. భవిష్యనిధి లేదు, పింఛను లేదు. మా యింటి దరఖాస్తులన్నియు వ్రాసినవాడను నేనే. వృత్తి అను గడిలో వదిన పేరుకెదురుగా "ఇంటిపని" అని వ్రాసితిని. "రాసెటప్పుడు నన్నొక్క మాట అడగకపోతివి గదా, మరిదీ" అని ఆమె ఒకనాడనెను. నాకు బదులు తోచలేదు.

తమ హక్కులు తామే సాధించుకొన్న స్త్రీలును కలరు. ఏండ్ల తరబడి ఊరేగింపులు చేసిన ఫలముగా కుంభారియొద్ద గోదూతాయి పరులేకరు పేర బీడీ కార్మిక స్త్రీలకు 10,000 ఇండ్లు కట్టబడి 2006లో ఇయ్యబడినవి. పిదప రేనగరున 2024 జనవరిలో 15,000 ఇండ్లు బీడీ, మరమగ్గ కార్మికులు మొదలగువారికి లభించినవి.

నేడు కూతుండ్రు చాట ముట్టుటకు ఇష్టపడుట లేదు. అది మంచిదే. కొందరు యూనిఫారముల కుట్టుపనికి, కొందరు దుకాణములకు, చదివినవారు బడులకు, కచేరీలకు పోవుచున్నారు. తల్లుల చేతులు కాయలు కాచుటవలననే వారికి ఈ దారి యేర్పడినదని మరువరాదు.

పాఠక మహాశయులకు నాదొక విన్నపము. మీ వంశవృక్షము వ్రాయునపుడు అవ్వల పేర్లను, వారు చేసిన పనులను గూడ వ్రాయుడు. కండెలు చుట్టినచో కండెలని, బీడీలు చుట్టినచో బీడీలని వ్రాయుడు. అందు నామోషీ లేదు. మా పుస్తకమున వదిన పేరుకెదురుగా "బీడీ కార్మికురాలు, ముప్పది సంవత్సరములు" అని ఈ యేడు నా చేతితో దిద్దితిని. ఆమెకు ఇందువలన పింఛను రాదు. కాని మా మనుమరాండ్రకు నిజము తెలియును.