తెలుగు తెరపై అప్పు, ఓటు: ‘రైతుబిడ్డ’ (1939) – ఒక పరిశీలన

తెలుగు టాకీల తొలి దశాబ్దంలో పౌరాణిక కథలదే పైచేయి. అటువంటి కాలంలో ‘మాలపిల్ల’ (1938)లో అస్పృశ్యతను, ‘రైతుబిడ్డ’ (1939)లో జమీందారీ వ్యవస్థను కథావస్తువుగా స్వీకరించిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. ‘రైతుబిడ్డ’లోని అసలు విమర్శ ముగింపులో కాక, అప్పుకూ ఓటుకూ గల సంబంధాన్ని చిత్రించిన తీరులో ఉందని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ చిత్రానికి దిగువ కృష్ణా డెల్టాతో గాఢమైన అనుబంధం ఉంది. రామబ్రహ్మం స్వగ్రామం నందమూరు, సంభాషణల రచనలో పాల్గొన్న త్రిపురనేని గోపీచంద్ స్వగ్రామం అంగలూరు. రెండూ గుడివాడ ప్రాంతంలోనివే. కూచిపూడి కళాకారుడు వేదాంతం రాఘవయ్య ఇందులో దశావతార నృత్యం ప్రదర్శించాడు. నిర్మాణసంస్థ సారథి ఫిలింస్ అధిపతి మాత్రం దివి తాలూకా చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీపై విమర్శకు జమీందారే పెట్టుబడి పెట్టడం ఇందులోని వైరుధ్యం.

కథానాయకుడు నర్సిరెడ్డి చిన్న రైతు, షావుకారుకు బాకీపడినవాడు. ఎన్నికలలో జమీందారు పక్షాన్ని కాదని రైతు అభ్యర్థికి ఓటు వేస్తాడు. ఫలితంగా దాడికీ అవమానానికీ గురవుతాడు. రుణం ఆర్థికబంధం మాత్రమే కాదనీ, రాజకీయ విధేయతకు తాకట్టు అనీ ఈ సన్నివేశాలు స్పష్టం చేస్తాయి. 1937 ఎన్నికలు, ఆపై భూసంస్కరణ పరిశీలనకు ఏర్పడిన ప్రకాశం కమిటీ అప్పటి ప్రేక్షకులకు తాజా విషయాలు. రంగస్థలంపై సహజనటనకు పేరొందిన బళ్లారి రాఘవ నర్సిరెడ్డి పాత్ర ధరించాడు. కొసరాజు సినీగేయరచన ఈ చిత్రంతోనే ఆరంభమైంది.

ముగింపులో జమీందారు మనసు మారుతుంది. జాన్ ఫోర్డ్ హాలీవుడ్ చిత్రం ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ (1940)తో పోల్చినప్పుడు ఈ పరిష్కారం పరిమితి తెలుస్తుంది. అక్కడ రైతు భూమిని హరించిన శక్తి బ్యాంకులు, కంపెనీల చాటున ఉంటుంది; పశ్చాత్తాపపడే యజమాని కనిపించడు. ఇక్కడ పీడనకు ముఖం ఉంది, కనుక హృదయపరివర్తనకూ చోటు దొరికింది. వ్యవస్థాదోషం వ్యక్తిదోషంగా కుదించుకుపోయింది.

ఇంత రాజీ ఉన్నా జమీందారుల వ్యతిరేకత వల్ల కొన్ని జిల్లాలలో చిత్రప్రదర్శనపై నిషేధం విధించారు. సుఖాంతం వారిని శాంతింపజేయలేదంటే, వారిని కలవరపరచినది బాకీదారు స్వతంత్రంగా ఓటు వేసిన దృశ్యమే అని భావించవచ్చు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినా, చల్లపల్లి ఎస్టేటు భూములపై దివిసీమలో పోరాటాలు సాగాయి. మనసు మార్పుతో తీరని సమస్యను గుర్తించి చూపడంలోనే ‘రైతుబిడ్డ’ చారిత్రక ప్రాధాన్యం ఉంది.