కో 205: మన ఊరి పేరు పెట్టుకున్న చెరకు



కోయంబత్తూరు అనగానే మనకు నూలు మిల్లులు, మోటారు పంపులు గుర్తొస్తాయి. మన పెద్దలు కూడా చెమటోడ్చి నిలబెట్టిన పరిశ్రమలవి. అయితే ఇదే ఊళ్లో సర్కారు సొమ్ముతో జరిగిన ఒక గొప్ప పనిని మాత్రం మనం అంతగా తలచుకోం.

చక్కెర చేయడం లోకానికి నేర్పిన దేశం మనది. అయినా వందేళ్ల కిందట జావా చక్కెర మన రేవుల్లో లక్షల టన్నులు దిగేది. అక్కడ డచ్చివాళ్లు పరిశోధన చేసి మేలురకం చెరకు పండించేవారు. మన ఉత్తరాది చెరకేమో సన్నం, దిగుబడి తక్కువ. కొత్త రకం పుట్టించాలంటే చెరకు పూత పూసి గింజ కట్టాలి. ఉత్తరాదిన అది సరిగా జరగదు, కోయంబత్తూరులో బాగా జరుగుతుంది. అందుకే అక్కడి రైతుల పంట కోసం 1912లో ఇక్కడ చెరకు ప్రజనన కేంద్రం తెరిచారు.

బార్బర్ దొర, ఆయనతో టి.ఎస్. వెంకట్రామన్ గారు లావు చెరకును అడవి రెల్లుతో సంకరం చేశారు. తీపి చెరకుది, చలికీ కరువుకీ ఓర్చే మొండితనం రెల్లుది. 1918లో కో 205 బయటికొచ్చింది. ఆ ‘కో’ మన ఊరి పేరే!

1932లో విదేశీ చక్కెరపై రక్షణ సుంకం వేస్తూ చట్టం వచ్చింది. నాలుగైదేళ్లలో ముప్పై చిల్లర చక్కెర మిల్లులు నూరు దాటాయి. చాలామంది ఈ ఘనత సుంకానిదే అంటారు. సుంకం బయటి సరుకును ఆపుతుంది గాని, పొలంలో చెరకును లావెక్కించదు కదా! ఆ పని అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది.

అది ఒకసారి చేసి వదిలేసే పనీ కాదు. ఉత్తరప్రదేశ్‌లో విరగపండిన కో 0238 రకాన్ని ఈమధ్య ఎర్రకుళ్లు తెగులు దెబ్బతీసింది. మళ్లీ కొత్త రకాలు కావాలి.

మన విద్యానిధి ఏటా కాలేజీ ఫీజులకే పోతోంది. అది తప్పనను. కానీ ఒక్క పరిశోధక విద్యార్థికైనా ఐదారేళ్లు వరుసగా, మొదటి ఏడాదే ఫలితం అడగకుండా, సాయం చేద్దాం. కో 205కీ ఆరేళ్లు పట్టింది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట పెడతాను, మీ అభిప్రాయం చెప్పండి.