ఓపియాయిడ్లు, శ్వాస నాడీశాస్త్రం: పరిశోధన నిధుల చరిత్ర

మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ల మోతాదు మించితే ప్రాణం పోయేది ప్రధానంగా ఊపిరి ఆగడం వల్లే. వైద్యులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ఊపిరి మెదడులో ఎక్కడ ఆగుతుందో తేల్చే పరిశోధనకు మాత్రం అమెరికాలో చాలాకాలం ఒక్క పద్దు అంటూ లేదు. శ్వాస మీద పనిచేసేవారు గుండె, ఊపిరితిత్తులు, రక్త జాతీయ సంస్థ గుమ్మం తొక్కేవారు. మత్తుమందుల మీద పనిచేసేవారికి 1974లో వేరే జాతీయ సంస్థ ఏర్పడింది.

మత్తుమందుల పద్దు రాజకీయాల్లోంచి పుట్టింది. వియత్నాంలోని సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడుతున్నారన్న ఆందోళన నడుమ అధ్యక్షుడు నిక్సన్ 1971 జూన్‌లో ప్రత్యేక కార్యాలయం తెరిచి, మనోవైద్యుడు జెరోమ్ జాఫీకి అప్పగించారు. చికిత్స కోసం పెట్టిన ఆ కార్యాలయం సొమ్ము కొంత ప్రయోగశాలలకూ చేరింది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ 1973లో ఓపియాయిడ్ల విరుగుడైన నలాక్సోన్‌ను రేడియోధార్మికంగా మార్చి, దాంతో మెదడు కణజాలంలో ఓపియాయిడ్ గ్రాహకాల ఉనికిని చూపారు.

శ్వాస వైపు పని నింపాదిగా సాగింది. 1812లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త లెగల్వా ఊపిరికి ఆధారం మెదడు కాండం కింది భాగమైన మజ్జాముఖంలో ఉందని కుందేళ్ల మీద ప్రయోగాలతో చూపాడు. కచ్చితమైన చోటు దొరకడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్ బృందం అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల మెదడు కాండం నుంచి పలుచని పొర కోసి ద్రవంలో ఉంచితే, దేహంతో సంబంధం తెగినా ఆ ముక్క శ్వాసలయను కొనసాగించింది. ఆ లయ పుట్టే చోటే ప్రీబోట్జింగర్ సముదాయం. అప్పట్లో అది శుద్ధ విజ్ఞానం. 1999లో ఫెల్డ్‌మన్ బృందమే అక్కడి కణాల మీద మ్యూ రకం ఓపియాయిడ్ గ్రాహకాలు ఉన్నాయని చూపడంతో రెండు దారులూ కలిశాయి.

డబ్బు కలవడానికి చావులు పెరగాల్సి వచ్చింది. 2017లో అమెరికాలో మాదకద్రవ్యాల మోతాదు మించి 70,000 మందికి పైగా మరణించారు. మరుసటి ఏడాది జాతీయ ఆరోగ్య సంస్థలు ఓపియాయిడ్ సమస్యపై పరిశోధనకు ‘హీల్’ కార్యక్రమం మొదలుపెట్టాయి. అమెరికన్ కాంగ్రెస్ ఏటా సుమారు 50 కోట్ల డాలర్లు అదనంగా కేటాయించింది. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కెవిన్ యాకిల్ బృందం చిట్టెలుకల్లో ఓపియాయిడ్లకు శ్వాసలయ లొంగడానికి ప్రీబోట్జింగర్‌లోని 70–140 కణాలే కారణమని తేల్చింది.

ప్రధాన విరుగుడు మాత్రం నేటికీ 1971లో అనుమతి పొందిన నలాక్సోనే. అది ఊపిరిని తిరిగి తెప్పిస్తుంది, దాంతోపాటే నొప్పి ఉపశమనాన్నీ తుడిచేస్తుంది.