తెరచాటు తీర్పు: ఇంగ్లండు శ్రామిక వాద్యబృందముల పోటీల చరిత్ర

కళకు పోటీ తగునా యను ప్రశ్న మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. ఆస్థానములలో మన కవులు ఒకరినొకరు మించుటకై పద్యములు చెప్పిరి. ఒకే సమస్యను పదిమంది పది విధముల పూరించిరి. అట్లు పుట్టినదంతయు కవిత్వము కాదనుట యెంత నిజమో, ఆ పోటీలే లేకున్నచో మన పద్యమునకు ఆ చురుకుదనము అబ్బియుండెడిది కాదనుటయు నంతే నిజము. ఈ ప్రశ్నపై వెలుగు ప్రసరింపజేయు చరిత్ర యొకటి సాహిత్యమునకు వెలుపల, ఉత్తర ఇంగ్లండులోని నూలు మిల్లుల నడుమను బొగ్గు గనుల నడుమను నడచినది. అది కూలిజనము కూడబెట్టుకొన్న ఇత్తడి వాద్యబృందముల చరిత్ర. నూట డెబ్బది యేండ్లకు పైబడి ఆ బృందములు పోటీలకు పోవుచునే యున్నవి.

ఈ వాద్యములు మనకు తెలియనివి కావు. దొరల సైన్యములతో వచ్చిన బ్యాండు మేళము మన ఊళ్లలో పెండ్లి ఊరేగింపునకు అలంకారమైనది. వాయించువాడు నడచుచుండును, వినువాడు నిలువడు. ఇన్ని తరములుగా ఆ మేళగాండ్రు మన సంబరములను మోసినను, వారి వాద్యమును కూర్చుండి వినవలెనను తలంపు మనకు కలుగలేదు. ఇంగ్లండులో అవే వాద్యములు పామరజనుని చేత నుండియే ఏకాగ్రతతో వినదగిన సంగీతమునకు సాధనములైనవి. ఈ భేదమునకు గల కారణములలో పోటీ ముఖ్యమైనదని నా అభిప్రాయము.

మొదట వాద్యము సంగతి. పూర్వపు ఇత్తడి బూరలలో కొన్ని స్వరములు మాత్రమే పలికెడివి. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున మీటలు గల బూరలు వచ్చిన పిదప స్వరములన్నియు చేతికి లొంగినవి. పారిసులో నివసించిన బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ శాక్స్ 1840 ప్రాంతముల ఒకే పోలికగల బూరల కుటుంబము నొకదానిని రూపొందించెను. డిస్టిన్ అను వాద్యకారుల కుటుంబము వానిని బ్రిటనులో ప్రచారము చేసినది. ఈ వాద్యములను వాయించుటకు మూడు వ్రేళ్లు చాలును. వయొలిను పట్టుటకు పనికిరాని మొరటు వ్రేళ్లు, నూలు వడికి, బొగ్గు త్రవ్వి బండబారిన వ్రేళ్లు, ఈ మీటలను నొక్కగలవు. కాలక్రమమున స్థిరపడిన మరియొక ఏర్పాటు ఇంకను తెలివైనది. చిన్న కార్నెట్టు మొదలు పెద్ద బాస్ బూర వరకు దాదాపు అన్నిటికిని ఒకే స్వరలిపి, ఒకే వ్రేళ్ల అమరిక. ఒక వాద్యము నేర్చినవాడు, అవసరమైనచో, పొరుగువాని వాద్యమును ఎత్తుకొనవచ్చును. వలసలతోను ప్రమాదములతోను మనుష్యులు మారిపోవు శ్రామిక గ్రామమునకు ఇది యెంత అనుకూలమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను వాద్యము కొనవలెను. కొన్నదానిని సాధన చేయుటకు తీరిక వలయును. వర్తకులు వాయిదాలపై వాద్యముల నిచ్చిరి. ఊరివారు చందాలు వేసికొనిరి. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము మిల్లులలోని స్త్రీలకును పిన్నవారికిని శనివారము మధ్యాహ్నము రెండుగంటలకు పని ముగించెను. వారు లేనిదే మిల్లు నడువదు కనుక ఆ తీరిక క్రమముగ తక్కినవారికిని దక్కినది. యజమానులును ముందుకు వచ్చిరి. బ్రాడ్‌ఫర్డు సమీపమున క్వీన్స్‌బరీలో జాన్ ఫాస్టర్ తన బ్లాక్ డైక్ మిల్లుల పేర 1855లో ఒక బృందమును పోషింప పూనుకొనెను. కూలివాడు సారాయంగడికిని సంఘములకును పోకుండ బూర పట్టుకొని కూర్చుండుట యజమానులకు హితమే. కాని బూర ఎవరి మాటయు వినదు. డర్హాములో 1871లో ఆరంభమైన గని కార్మికుల మహోత్సవమున ఊరూరి సంఘముల పతాకల ముందు నడచినవి ఈ బ్యాండ్లే.

ఇట్టి బృందములను ఒకచోట చేర్చి పోల్చి చూడవలెనన్న కోరిక త్వరలోనే కలిగినది. 1845లో యార్కుషైరులోని బర్టన్ కాన్‌స్టబుల్ భవనపు ఆవరణలో ఐదు బృందములు పోటీపడినవి. దానిని చూచిన ఎండర్బీ జాక్సన్ అను యువకుడు తరువాతి కాలమున పోటీల నిర్వాహకుడై, చౌక టిక్కెట్ల ప్రత్యేక రైళ్లను ఏర్పాటు చేయించి, వేలకొలది జనమును తరలించెను. 1853 సెప్టెంబరులో మాంచెస్టరు నగరపు బెల్ వ్యూ ఉద్యానమున ఎనిమిది బృందములు వాయింపగా సుమారు 16,000 మంది వినిరట. మాస్లీ అను చిన్న ఊరి మద్యపాన నిషేధసమాజపు బృందము ప్రథమ బహుమతిని గెలుచుకొన్నది. వారు పట్టినవన్నియు శాక్స్ రూపొందించిన బూరలే. ఆ సాయంకాలము తక్కిన ఏడు ఊళ్లవారును ఒక పాఠము నేర్చుకొని యింటికి పోయియుందురు: వాద్యములు ఒకే కుటుంబమువైనచో ధ్వని ఏకమగునని. ఆ పాఠమును చెప్పినది గ్రంథము కాదు, గురువు కాదు, ఓటమి.

తొలి పోటీలో ఎవరి యిష్టము వచ్చిన రచనను వారు వాయించిరి. రెండేండ్లలో ఈ పద్ధతి మారి, అందరికిని ఒకే రచన విధింపబడెను. మన సమస్యాపూరణమునకు ఇది దగ్గరి చుట్టము. విషయమొక్కటే యైనప్పుడు వాయించినవాని తాహతు తేటపడును. దీనికి మరొక ఫలము కలదు. ఆ కాలమున పోటీరచనలలో పెక్కు ఇటలీ, ఫ్రాన్సు దేశముల సంగీత రూపకములనుండి కూర్చినవి. రంగస్థలమున వెర్డీని గాని డానిజెట్టిని గాని ఎన్నడును చూడని నేతగాడు, ఆ స్వరములను నెలల తరబడి నోటితో ఊది, చెవితో అరగదీసి, కంఠస్థము చేసికొనెను. నగరమున ధనికుడు ఒక్కరాత్రి విని మరచుదానిని గ్రామమున కూలివాడు ఒక ఋతువంతయు మోసెను.

ఈ పోటీలలో నన్ను మిక్కిలి ఆకర్షించినది తీర్పు చెప్పు పద్ధతి. న్యాయనిర్ణేతను నాలుగు వైపులను మూసిన డేరాలో గాని పెట్టెవంటి గదిలో గాని కూర్చుండబెట్టుదురు. బృందములు చీటీలు తీసి తమ వరుసను నిర్ణయించుకొనును. లోపలివానికి సంఖ్య తెలియును, పేరు తెలియదు. వచ్చినది వేయి పౌనుల పెట్టుబడి గల మిల్లు బృందమా, ప్యాంటు మోకాళ్లకు అతుకులు వేసికొన్న గనివాండ్ల బృందమా యను సంగతి ఆ గుడ్డగోడ దాటి పోదు. సంఘమున ఎక్కడను దొరకని సమత కూలివానికి ఆ పదునైదు నిమిషములు దొరకెను. దొరయు కూలివాడును ఆ చెవికి ఒక్కటే. తీర్పు ఎల్లప్పుడును నచ్చినదని కాదు. అలిగిన జనము న్యాయనిర్ణేత వెంటబడిన కథలును కలవు. అయినను డేరాను తీసివేయుడని కోరినవారికంటె ఉంచుడని పట్టుపట్టినవారే ఎక్కువ.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1945 నుండి, జాతీయ పోటీకి ముందు ప్రాంతీయ పోటీలు నియమింపబడినవి. నేడు బ్రిటను ఎనిమిది ప్రాంతములుగ విభజింపబడి, ప్రతి వసంతమునను ఐదు తరగతులలో ఈ పోటీలు జరుగుచున్నవి. లండనులోని ఆల్బర్టు మందిరమున వాయించు మహాబృందములను గూర్చి లోకమెరుగును గాని, ఈ వ్యవస్థకు ప్రాణము ప్రాంతీయ పోటీలలో నాలుగవ తరగతిన వాయించు ఊరి బృందము. ఇరువదియెనిమిదిమంది లోపు మనుష్యులు. వారిలో పాఠశాల బాలికయు ఉండును, పింఛను పుచ్చుకొను తాతయు ఉండును. చలికాలమంతయు వారమునకు రెండు రాత్రులు ఒక చల్లని గదిలో ఒకే రచనను సాధన చేయుదురు. పోటీనాడు చీటి తీయగా మొదటి సంఖ్య వచ్చినచో ముఖములు వాడును. మొదట వాయించినవారికి గెలుపు అరుదన్న నమ్మకము వారిలో పాతుకొన్నది. పదునైదు నిమిషములలో సాధనయంతయు ముగియును. తరువాత గంటల కొలది నిరీక్షణ. ఫలితముతోపాటు న్యాయనిర్ణేత వ్రాసిన విమర్శ చేతికి వచ్చును: ఇచ్చట శ్రుతి జారినది, ఇచ్చట బాస్ బూరలు వెనుకబడినవి, ఈ ఘట్టము శ్రావ్యముగ నున్నది. ఆ కాగితమును తిరుగు ప్రయాణమున బస్సులో చేతులు మార్చుకొని చదివెదరు. మూడేండ్ల ఫలితములను కలిపి చూచి బృందమును పై తరగతికి ఎక్కింతురు, లేదా క్రిందికి దింపుదురు. పేరు తెలియని విమర్శకుడొకడు తమ పనిని ఆద్యంతము శ్రద్ధగ విని, చరణము చరణమునకు వ్యాఖ్య వ్రాసి యిచ్చుట రచయితలమైన మనలో ఎందరికి దక్కిన భాగ్యము?

దోషములను దాచనక్కరలేదు. బహుమతి ధనముకొరకు ఇతర బృందముల నిపుణులను అద్దెకు తెచ్చుకొను అలవాటు ప్రబలగా, వాద్యకారుల పేర్లను నమోదు చేయు నియమములు అవసరమైనవి. జాన్ గ్లాడ్నీ, అలెగ్జాండరు ఓవెన్, ఎడ్విన్ స్విఫ్ట్ అను ముగ్గురు శిక్షకులు పందొమ్మిదవ శతాబ్ది చివర గెలుపు బృందములకు ఇచ్చిన వాద్యసంఖ్యయే అందరికిని ప్రమాణమైనది. అందువలన ఊరూరి ధ్వనిలోని వైవిధ్యము నశించినది. స్త్రీలకు పెద్ద బృందములలో ఇరువదవ శతాబ్ది చివరిదాక చోటు అరుదు. తప్పు పలుకకుండుటయే గుణమన్న భ్రాంతియు పెరిగినది. ధర్మప్రచారమే పరమావధిగా గల సాల్వేషన్ ఆర్మీవారు తమ బ్యాండ్లను పోటీలకు పంపనే లేదు. అయినను వారి వాద్యము చక్కనిదే. కనుక పోటీయే ఏకైక మార్గమని చెప్పుట సాహసము.

కాని పోటీ మరియొక తలుపు తెరచినది. ఏటేట క్రొత్త పరీక్షారచన కావలసి వచ్చుటచే, సంగీత రూపకముల తునకలతో తృప్తిపడక, స్వతంత్ర రచనలను కోరవలసి వచ్చినది. లండనులోని స్ఫటికసౌధమున జరుగు జాతీయ పోటీకి 1913లో పెర్సీ ఫ్లెచర్ ‘శ్రమయు ప్రేమయు’ అను అర్థము వచ్చు పేరుతో ఈ బృందములకొరకే ఒక రచన చేసెను. 1928లో గుస్టావ్ హోల్‌స్టు, 1930లో డెబ్బదిమూడేండ్ల వయస్సున ఎడ్వర్డ్ ఎల్గార్ వ్రాసిరి. ఎల్గార్ తన రచనను బెర్నార్డ్ షాకు అంకితమిచ్చెను. మహావిద్వాంసులు కూలివాని ఊపిరికొరకు వ్రాయుట దయతో జరిగినది కాదు. ఆ ఊపిరి అంతటి రచనను మోయగల స్థితికి వచ్చినందున జరిగినది. 1973లో హారిసన్ బర్ట్‌విసిల్ యార్కుషైరులోని గ్రైమ్‌తోర్ప్ బొగ్గుగని బృందమునకై ఆ గ్రామము పేరనే అతినవ్యమైన రచన నొకదానిని ఇచ్చినప్పుడు పలువురు శ్రోతలు కలవరపడిరి. బృందము మాత్రము వాయించెను.

ఆ గ్రైమ్‌తోర్ప్ కథయే ఈ చరిత్రకు పరాకాష్ఠ. 1917లో ఏర్పడిన ఆ బృందమును గని పోషించినది. 1992 అక్టోబరు 13న ప్రభుత్వము 31 గనులను మూసివేయుదుమనియు సుమారు 30,000 మందికి పని పోవుననియు ప్రకటించెను. వానిలో గ్రైమ్‌తోర్ప్ గనియు ఒకటి. అదే నెలలో, ఆ ప్రకటన వెలువడిన కొద్ది దినములకే, ఆ బృందము ఆల్బర్టు మందిరమున జాతీయ పోటీలో గెలిచినది. 1993లో గని మూతపడెను. ఈ ఘటనల ఛాయలతో 1996లో చలనచిత్రము వచ్చినది. దానిలోని వాద్యము ఆ బృందముదే. గెలుపు గనిని రక్షింపలేదు. కళ ఆకలిని తీర్చునని ఎవరును చెప్పజాలరు. కాని గని పోయిన పిదప ఆ ఊరికి పేరు మిగిలినదన్నచో అది బూరల మూలముననే. బ్లాక్ డైక్ బృందము సైతము తన పేరునుండి ‘మిల్లు’లను విడిచి నిలిచియున్నది. పోషకుడు పోయినను పోటీ ఉన్నది. పోటీ ఉన్నందున సాధనకు గడువున్నది. గడువున్నందున ఆ రాత్రులు జనము గదికి వచ్చుచున్నారు.

ఇది మన అనుభవమునకు దూరమైనది కాదు. తెనాలిలో 1929లో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని ఎన్నో పరిషత్తులు మన ఊళ్లలో నాటకపు పోటీలు నడపినవి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులు పగటి పని ముగించుకొని రాత్రులు రిహార్సళ్లు చేసి, సామాను నెత్తిన పెట్టుకొని పరిషత్తులకు పోయిరి. ‘పరిషత్తు నాటకము’ అను మాటలో మెచ్చుకోలు ఎంతయో ఎత్తిపొడుపును అంతయే కలదు: బహుమతికొరకు వ్రాసినదని. ఆ ఎత్తిపొడుపు కొంత న్యాయమే. కాని ఆ పరిషత్తులే లేకున్నచో ఎన్ని నాటకములు వ్రాయబడక, ఎన్ని గొంతులు వినబడక పోయెడివో లెక్కింపవలయును. మనకు కొరవడినది పోటీ కాదు, డేరా. నటునికి డేరా పనికిరాదు, నిజమే, రచయితకు పనికివచ్చును. పేరు, ఊరు, పరిచయము తెలియని చోట కూర్చుండి పుట మొదలు పుట చివరివరకు చదివి, లోపమేదో గుణమేదో వ్రాసి పంపు వ్యవస్థను మనము బహుమతుల సంఖ్య పెంచినంత శ్రద్ధతో పెంచలేదు.

బెల్ వ్యూ ఉద్యానము నేడు లేదు. అచ్చట పుట్టిన పోటీ వేరొక నగరమున జరుగుచున్నది. స్ఫటికసౌధము 1936లో కాలిపోయినది. జాతీయ పోటీ వేరొక మందిరమునకు తరలినది. గనులు పూడిపోయినవి. వచ్చు వసంతమున ప్రాంతీయ పోటీలో, ఎవరును పేరు వినని ఊరి బృందము ఒకటి, మొదటి సంఖ్య రాకూడదని లోలోపల ప్రార్థించుచు, చీటి తీయుటకు చేయి చాపును.